ఎలక్ట్రిక్ కారు మొరాయిస్తే పెద్ద బ్యాటరీని చివర్లో అనుమానించండి

ఎలక్ట్రిక్ కారు కొనబోయేవాళ్లంతా ముందు అడిగే మాట ‘బ్యాటరీ పోతే ఎంతవుతుంది?’ అని. భయపడటంలో తప్పులేదు, కారు ఖరీదులో పెద్ద వాటా దానిదే. కాకపోతే ఆ బ్యాటరీకీ మోటారుకీ చాలా కంపెనీలు 8 ఏళ్లు, లక్షన్నర కిలోమీటర్లకు అటూ ఇటూగా వారంటీ ఇస్తున్నాయి. బండిని నడిరోడ్డు మీద నిలబెట్టేవి వేరే ఉన్నాయి: బానెట్ కింద మామూలు 12 వోల్టుల బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టులో కమిలిన ఓ పిన్ను, ఇంటి గోడలో సరిగా బిగించని ఎర్తు వైరు, ఏసీ మెకానిక్ తెలియక ఎక్కించిన నూనె. పైగా వీటిలో చాలావాటికి ఆ 8 ఏళ్ల వారంటీ ఉండదు. కారులో ఉండేవాటికైనా మహా అయితే కారు మామూలు వారంటీ ఉన్నన్నాళ్లే.

ఇంకో చిక్కు, విప్పేదెవరన్నది. పెట్రోలు కారు ఆగితే ఊళ్లో మెకానిక్ బానెట్ ఎత్తి కాసేపట్లో ఏదో ఒకటి తేలుస్తాడు. ఇక్కడ నారింజ రంగు కేబుళ్లు కనబడగానే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. తీసుకోవాలి కూడా, వాటిలో 300, 400 వోల్టుల డీసీ, కొన్ని కార్లలో ఇంకా ఎక్కువే ఉంటుంది. హైవోల్టేజ్ పని నేర్చిన టెక్నీషియన్ అన్ని షోరూముల్లో ఉండడు, ఉన్నచోట ఒకరో ఇద్దరో. మీ కారు అతని వంతు వచ్చేదాకా ఆగాలి. అందుకే తప్పు ఎక్కడుందో సగమైనా మనమే తేల్చుకుని వెళ్లడం మంచిది.

మొదటి అనుమానం 12 వోల్టుల మీద

పెద్ద బ్యాటరీలో 80 శాతం ఛార్జ్ ఉండి కూడా కారు కదలకపోవడం వింతేమీ కాదు. స్టార్ట్ బటన్ నొక్కగానే లోపలి కంప్యూటర్లను లేపేది 12 వోల్టుల బ్యాటరీ. అవి లేచి, పెద్ద బ్యాటరీకీ మిగతా కారుకీ మధ్య ఉన్న కాంటాక్టర్లనే పెద్ద స్విచ్‌లను మూస్తాయి, అంటే ఆన్ చేస్తాయి. వాటి కాయిల్‌కు కావలసిన కరెంటు కూడా ఆ 12 వోల్టులదే. అది నీరసిస్తే కాంటాక్టర్ మూసుకోదు. మూసుకోకపోతే కింద ఎన్ని యూనిట్లున్నా లేనట్టే.

పెట్రోలు కారులో 12 వోల్టుల బ్యాటరీ పోయే ముందు చెబుతుంది: పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ బరువుగా తిరుగుతుంది. ఎలక్ట్రిక్ కారులో సెల్ఫే లేదు కాబట్టి ఆ సూచన రాదు. నిన్నటిదాకా బాగున్న కారు ఇవాళ తలుపు కూడా తెరవదు. మన ఎండల్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడేళ్లు దాటితే దాన్ని నమ్మొద్దు. నాలుగో వేసవికి ముందే మార్చేయడం చవక.

ఇంకో తమాషా ఏమిటంటే, వోల్టేజ్ తగ్గినప్పుడు కారులోని కంప్యూటర్ మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్, బ్రేక్, ఏబీఎస్, హైవోల్టేజ్ ఫాల్ట్ అన్నీ ఒకేసారి వెలిగిస్తాయి. చూసినవాడికి కారు మొత్తం పోయిందనిపిస్తుంది. సర్వీస్ అడ్వైజర్ కూడా ఒక్కోసారి కంగారుపడి ‘పెద్ద బ్యాటరీ ప్రాబ్లమ్ సార్’ అనేస్తాడు. ఆ మాటకు ముందు ఒక మల్టీమీటర్ చాలు.

కారు లాక్ చేసి రెండు మూడు గంటలు వదిలేసి, 12 వోల్టుల టెర్మినళ్ల మీద కొలవండి. 12.6 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కిందికి దిగితే ఛార్జ్ పెట్టి మళ్లీ కొలవాలి, మర్నాటికి మళ్లీ అక్కడికే దిగితే మార్చాలి. తర్వాత కారును రెడీ మోడ్‌లో, అంటే నడపడానికి సిద్ధంగా ఉండేలా ఆన్ చేసి పెట్టి కొలవండి. 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రెడీలో కూడా 12 చిల్లరే చూపిస్తూ మెల్లగా దిగుతుంటే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని ఛార్జ్ చేసే డీసీ-డీసీ కన్వర్టర్‌ది. ఈ తేడా చూడకుండా కొత్త బ్యాటరీ వేసేస్తే అదీ కొద్ది రోజుల్లోనే పడుకుంటుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఈ చిన్న బ్యాటరీ కూడా లిథియమే. వాటికి ఈ అంకెలు వర్తించవు, విశ్రాంతిలోనే 13 దాటి ఉంటుంది.

కన్వర్టర్ పోతే ఏమవుతుందో హ్యుందాయ్ అయోనిక్ 5 విషయంలో అందరూ చూశారు. అందులో ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్, డీసీ-డీసీ కన్వర్టర్ రెండూ ఐసీసీయూ అనే ఒకే పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె చెడితే 12 వోల్టుల బ్యాటరీకి తిండి ఆగిపోయి, కారు ముందు వేగం తగ్గించి, ఆపైన పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉందని 2024లో కంపెనీ మన దేశంలో 1,744 కార్లను వెనక్కి పిలిచింది. సెకండ్ హ్యాండ్‌లో అయోనిక్ 5 చూస్తున్నవాళ్లు ఆ రీకాల్ పని జరిగిందో లేదో ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో అడగాలి.

పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్‌ను నేరుగా 12 వోల్టులకు కలిపితే రాత్రంతా అది కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటుంది. ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి ‘ఛార్జ్ ఎంతైంది’ అని మాటిమాటికీ చూడటమూ అంతే, చూసిన ప్రతిసారీ నిద్రపోయిన కారును తట్టి లేపుతున్నట్టు. ఊరెళ్లి నెల రోజులు కారు వదిలేసేవాళ్లు పెద్ద బ్యాటరీని 50 శాతం చుట్టుపక్కల ఉంచి, మాన్యువల్ ఒప్పుకుంటే 12 వోల్టుల మైనస్ తీసి వెళ్లండి. తీసే ముందు మెకానికల్ తాళంతో డ్రైవర్ తలుపు తెరుచుకుంటుందో లేదో చూసుకోవడం మరవొద్దు.

12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా పడుకుంటే బయటి బ్యాటరీతో కాసేపు కరెంటిచ్చి లేపొచ్చు, అదే జంప్. జంప్ ప్యాక్ ఎరుపు క్లిప్పు ప్లస్‌కు, నలుపు క్లిప్పు బాడీలోని లోహానికి పెట్టి, కారు రెడీలోకి రాగానే క్లిప్పులు తీసేసి, గంటకు పైగా రెడీలోనే ఉంచండి. మీ ఎలక్ట్రిక్ కారు నుంచి పక్కవాళ్ల డీజిల్ బండికి మాత్రం జంప్ ఇవ్వకండి. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగుతుంది, డీసీ-డీసీ కన్వర్టర్‌ను అంత లోడుకు తయారు చేయలేదు.

ఛార్జ్ ఎక్కట్లేదంటే ముందు ఇంటిని చూడాలి

రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున్నకి ఎక్కలేదు, ఛార్జర్ పెట్టె మీద ఎర్ర లైటు. పోర్టబుల్ ఛార్జర్లు కారుకు కరెంటు పంపే ముందు ఎర్తింగ్ ఉందో లేదో చూస్తాయి. అది దొరక్కపోతే మొదలే పెట్టవు. పాత ఇళ్లలో మూడో పిన్నుకు వైరే కలిపి ఉండకపోవచ్చు. ఫ్రిజ్జు, గీజరు ఇన్నేళ్లూ అలాగే నడిచాయి గనుక ఎవరికీ తెలియదు.

కొలిచే పద్ధతి సులువే, కానీ ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దగ్గర. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు కాదు, గీజరు వేసి లోడు మీద కొలవాలి. అయిదు దాటితే ఎర్త్ గుంతో, న్యూట్రల్ జాయింటో బాగులేదని. ఎర్త్ గుంత 5 ఓమ్‌ల లోపు చూపిస్తే నిశ్చింత. వేసవిలో గుంత ఎండిపోయి ఈ అంకె పెరుగుతుంది, రెండు బిందెల నీళ్లు పోయగానే ఛార్జర్ మళ్లీ పనిచేసిన ఇళ్లున్నాయి.

ఒక ప్రమాదకరమైన కిటుకు గురించి గట్టిగా చెప్పాలి. ఎర్త్ లేదని ఛార్జర్ మొరాయిస్తే కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్ వెనక న్యూట్రల్ వైరునే ఎర్త్ పిన్నుకు లూప్ కొట్టి వెళ్లిపోతారు. ఎర్ర లైటు పోతుంది, ఛార్జ్ ఎక్కుతుంది, అందరూ సంతోషం. ఏదో ఒక రోజు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తం ఫేజ్ అవుతుంది. సాకెట్ విప్పించి లోపల అలాంటి ముక్క వైరు లేదని కళ్లారా చూడండి.

సాకెట్ సంగతి. పోర్టబుల్ ఛార్జర్ 10 నుంచి 13 ఆంపియర్ల దాకా ఎనిమిది తొమ్మిది గంటలు ఏకబిగిన లాగుతుంది. గీజరు పావుగంటలో ఆగిపోతుంది కాబట్టి అదే సాకెట్ దానికి సరిపోయింది. రోజూ రాత్రంతా వేడెక్కితే లోపలి ఇత్తడి రేకుల పట్టు సడలి, రంగు మారి, చివరికి ప్లగ్గు పిన్ను కరుచుకుపోతుంది. ఛార్జ్ పెట్టిన గంట తర్వాత ప్లగ్గును పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే ఆపేయండి. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, చివర నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ వేయించుకుంటే పదేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసే వద్దు.

7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ అయితే 32 ఆంపియర్లు లాగుతుంది. దానికి కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, దూరం ఎక్కువైతే 10, ఎంసీబీ 40 ఆంపియర్లు, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల టైప్-ఏ ఆర్‌సీసీబీ కావాలి. టైప్-ఏసీ చవగ్గా దొరుకుతుంది గానీ వద్దు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్న పాత 2.5 వైరుకే వాల్‌బాక్స్ తగిలించేవాళ్లుంటారు. లెక్క చూడండి: మీటర్ల గది నుంచి పార్కింగ్ దాకా 30 మీటర్లయితే, 32 ఆంపియర్ల దగ్గర దారిలోనే 14 వోల్టులు పోతాయి. అంటే 450 వాట్లు గోడలోని వైరును వేడి చేయడానికే ఖర్చు. ఇన్సులేషన్ ఎన్నాళ్లుంటుంది? కరెంటు ఆఫీసులో (డిస్కమ్) మీ ఇంటికి మంజూరైన శాంక్షన్డ్ లోడ్ పెంచుకోకుండా 7.2 పెట్టినా మెయిన్ తరచూ పడిపోతుంది.

పల్లెల్లో, శివారు కాలనీల్లో వేసవి సాయంత్రాలు వోల్టేజ్ పడిపోతే ఛార్జర్ తానే కరెంటు తగ్గించుకుంటుంది, లేదా ఆపేస్తుంది. అది చెడిపోవడం కాదు. రాత్రి పన్నెండు తర్వాత మొదలయ్యేలా టైమర్ పెట్టండి. అపార్ట్‌మెంట్లలో కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు ఛార్జింగ్ ఆగిపోయేలా ఉండటమే మేలు. తొలకరి పిడుగులకు ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఇన్‌పుట్ భాగం కాలిపోతే దాన్ని ‘బయటి కారణం’ కింద రాసి వారంటీ ఇవ్వకపోవచ్చు. బోర్డులో టైప్-2 సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి వేయించి, ఎర్తింగ్ కొలతతో సహా ఎలక్ట్రీషియన్ బిల్లు దాచుకోండి. రేపు వాదనలో ఆ కాగితమే మాట్లాడుతుంది.

పోర్టు, పబ్లిక్ ఛార్జర్

మన దగ్గర ఇప్పుడొచ్చే కార్లలో ఎక్కువ వాటికి సీసీఎస్2 పోర్టు. పైన ఏడు చిన్న రంధ్రాలు, కింద డీసీకి రెండు పెద్దవి. నెలకోసారి టార్చి వేసి చూడండి. రాగి మీద నల్లదనం, పచ్చ తుప్పు, ప్లాస్టిక్ అంచు గోధుమ రంగుకు తిరగడం కనిపిస్తే ఫొటో తీసి వారంటీలో ఉండగానే చూపించాలి. డబ్ల్యూడీ-40 లాంటివి చల్లొద్దు, దుమ్ము పట్టుకుని ఇంకా పాడవుతుంది. పొడి గాలి కొడితే చాలు.

ప్లగ్గు లోపల ఇరుక్కుపోయి రాకపోతే గుంజకండి. లాక్ పిన్ను బిగుసుకుని ఉంటుంది. ప్లగ్గును లోపలికి నొక్కి పట్టుకుని, కీ మీద అన్‌లాక్ రెండు మూడుసార్లు కొడితే చాలాసార్లు వదులుతుంది. అప్పటికీ రాకపోతే చాలా మోడళ్లలో చేత్తో లాగే తాడు ఒకటి ఉంటుంది, బానెట్ కిందో డిక్కీ పక్క ప్యానెల్ వెనకో. మీ కారులో ఎక్కడుందో మాన్యువల్‌లో ఇప్పుడే చూసిపెట్టుకోండి, అర్ధరాత్రి సూర్యాపేట దగ్గర వెతుక్కోవడం కష్టం.

పబ్లిక్ స్టేషన్‌లో డీసీ (ఫాస్ట్) ఛార్జింగ్ మొదలు కాకపోతే తప్పు కారుదా, ఛార్జర్‌దా? ప్లగ్గు పెట్టాక వరుసగా జరిగేవి ఇవి: లాక్ పడటం, కారూ ఛార్జరూ మాట్లాడుకోవడం, ఇన్సులేషన్ పరీక్ష, వోల్టేజ్ సరిపోల్చుకోవడం, అప్పుడు కాంటాక్టర్లు మూసుకోవడం. మాటల దశలోనే ఆగిపోతే చాలాసార్లు కేబుల్ బరువుకు ప్లగ్గు కిందికి వాలి పై పిన్నులు సరిగా తగలకపోవడమే. ప్లగ్గు హ్యాండిల్‌ను కొంచెం పైకెత్తి పట్టుకుని మొదలుపెట్టండి, పని అవుతుంది. ఇన్సులేషన్ దగ్గర ఆగిపోతే స్క్రీన్ ఫొటో తీసుకుని, వేరే కంపెనీ ఛార్జర్ దగ్గర ప్రయత్నించండి. అక్కడ ఎక్కితే కారు బాగున్నట్టే. రెండు మూడు చోట్ల అదే దశలో ఆగితే కారును సర్వీస్‌కు తీసుకెళ్లాలి, ఆ ఫొటోలతో సహా.

ఛార్జింగ్ ఆపడానికి ఎర్ర ఎమర్జెన్సీ బటన్ కొట్టే అలవాటు కొందరికి ఉంది. యాప్‌లో ఆపితే ముందు కరెంటు సున్నాకు దిగి ఆ తర్వాత కాంటాక్టర్ తెరుచుకుంటుంది. బటన్ కొడితే కరెంటు పారుతుండగానే తెరుచుకోవలసి వచ్చి, ఆర్క్ లేచి, కాంటాక్ట్‌ల మీద గుంతలు పడతాయి. పదే పదే అలా జరిగితే అవి అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టర్‌ను కారు గుర్తించి రెడీలోకి వెళ్లనివ్వదు. చాలా కార్లలో అది ఉండేది బ్యాటరీ ప్యాక్ లోపలే, అంటే ప్యాక్ దించాలి.

ఏసీ గ్యాస్ ఎక్కడబడితే అక్కడ పట్టించొద్దు

చాలామందికి తట్టని విషయం ఇది. పెట్రోలు కారులో ఏసీ కంప్రెసర్‌ను బెల్టు తిప్పుతుంది. ఇక్కడ కంప్రెసర్ లోపలే హైవోల్టేజ్ మోటారు ఉంటుంది, దాని తీగచుట్ట గ్యాసులోనూ కంప్రెసర్ నూనెలోనూ తడుస్తూ ఉంటుంది. అందుకే కరెంటు పారని పీఓఈ రకం నూనె వాడతారు. మామూలు కార్లకు వాడేది పీఏజీ. అది తేమ పీల్చుకుని కరెంటును కొంచెం పారనిస్తుంది. బయటి ఏసీ షాపులో పీఏజీ ఎక్కిస్తే, చివరికి గ్యాస్ పట్టే మెషీన్ గొట్టాల్లో మిగిలిన పీఏజీ వెళ్లినా, కొన్నాళ్లకు ‘ఇన్సులేషన్ ఫాల్ట్’ వచ్చి కారు ఆగిపోతుంది.

హైవోల్టేజ్ లైను నుంచి బాడీలోకి కరెంటు పారకుండా ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కారు ఎప్పటికప్పుడు కొలుస్తుంటుంది. డీసీకి ప్రమాణం వోల్టుకు కనీసం 100 ఓమ్‌లు, అంటే 350 వోల్టుల కారుకు 35 కిలో ఓమ్‌లు. ఆరోగ్యంగా ఉన్న కారులో అది మెగా ఓమ్‌లలో ఉంటుంది. కిందికి జారిందంటే కారణం కంప్రెసర్ కావచ్చు, కనెక్టర్‌లో చేరిన నీళ్లు కావచ్చు, ప్యాక్ లోపల కూలెంట్ కారడం కావచ్చు. వర్షంలో వచ్చి ఎండకు పోయే ఫాల్ట్ అయితే కనెక్టర్. ఏసీ వేసినప్పుడే వచ్చేది కంప్రెసర్. కూలెంట్ మట్టం తగ్గుతూ, బయట ఎక్కడా తడి లేకుండా వచ్చేది అన్నిటికన్నా చెడ్డది, ఆ కారును ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకండి. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోయకూడదని వేరే చెప్పాలా?

గ్యాస్ పట్టించేటప్పుడు షాపువాణ్ని ఒక్క మాట అడగండి: ‘ఇందులో ఏ నూనె పోస్తారు?’ కంప్రెసర్ లేబుల్ చూసి చెప్తే సరే. ‘అన్నిటికీ ఒకటే సార్’ అంటే బయల్దేరండి.

నీళ్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి నీళ్లలో కారు బ్రోచర్లోని ఐపీ67ను నమ్ముకోలేం. ఐపీ67 అంటే కొత్త ప్యాక్ మీటరు లోతు మంచినీళ్లలో అరగంట తట్టుకుంటుందని పరీక్ష. రెండ్రోజులు మురుగులో నానితే అని కాదు. పైగా ఆ అంకె ప్యాక్‌ది. కేబుల్ కనెక్టర్లు, కంప్రెసర్, సీటు కింది వైరింగ్ ఆ హామీలో లేవు.

సీటు దాకా నీళ్లెక్కిన కారును ఆన్ చేసి చూడొద్దు, ఛార్జర్ పెట్టొద్దు. నీళ్లు దిగాక తలుపులు తెరిచి, ఇంటికీ ఇతర వాహనాలకూ దూరంగా ఆరుబయట పెట్టించండి. ప్యాక్‌లో నీళ్లు దూరితే వారాల తర్వాత కూడా పొగ రావచ్చు. తరలింపు ఫ్లాట్‌బెడ్ మీదే. మోటారుకు కలిసి ఉన్న చక్రాలు నేల మీద తిరిగితే లోపలి అయస్కాంతాల వల్ల మోటారు జనరేటర్‌లా కరెంటు పుట్టిస్తుంది. మామూలు సందర్భంలోనూ ఇదే నియమం. తాడు కట్టి లాగుతానన్నవాడికి డబ్బిచ్చి పంపేసినా నష్టం లేదు.

ఇన్సూరెన్స్ పాలసీలో ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ ఉంది కదా అని ఊరుకోకండి. బ్యాటరీ, మోటారు, ఛార్జర్ పేర్లు రాసి ఉన్న యాడ్-ఆన్ వేరే ఉంటుంది. కింద రాయి తగిలి ప్యాక్ కవచం సొట్టపోతే పనికొచ్చేది అదే. చిన్న సొట్టకే ప్యాక్ మొత్తం మార్చాలన్న అంచనా రావడం అసాధారణం కాదు.

చివరగా పెద్ద బ్యాటరీ

ఇందులో రెండు రకాలు తెలిస్తే చాలు. నెక్సాన్, టియాగో ఈవీలలో, బీవైడీ కార్లలో ఉండేది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్). హ్యుందాయ్ పాత కోనా లాంటి వాటిలో ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్). ఎన్‌ఎంసీకి రోజువారీ 80 శాతం చాలు, నిండా నింపి ఎండలో వదిలేయకూడదు. ఎల్‌ఎఫ్‌పీని వారానికోసారి ఇంటి నెమ్మది ఛార్జర్ మీద 100 దాకా నింపి, ఇంకాసేపు ప్లగ్గులోనే ఉంచాలి. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజ్ 20 నుంచి 90 శాతం దాకా దాదాపు ఒకేలా ఉంటుంది, అందుకే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ (బీఎంఎస్) లోపల ఎంతుందో సరిగా పోల్చుకోలేదు. నిండినప్పుడే లెక్క సరిచూసుకుంటుంది, వెనకబడ్డ సెల్స్‌ను సమం చేసేదీ అప్పుడే. ఎప్పుడూ ఫాస్ట్ ఛార్జర్ మీద 80 దాకానే పెట్టే క్యాబ్‌లలో, 18 శాతం నుంచి ఒక్కసారిగా 5కు పడిపోయే జబ్బు ఎక్కువగా కనిపించేది ఇందుకే. అలాంటప్పుడు ముందు మూడు నాలుగుసార్లు నెమ్మదిగా నిండా ఛార్జ్ చేసి చూడండి. చాలా కార్లు దానికే దారికొస్తాయి.

రాకపోతే కొలవాలి. కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టే ఓబీడీ డాంగిల్, మీ మోడల్ ప్రొఫైల్ ఉన్న స్కానర్ యాప్ ఉంటే గరిష్ఠ, కనిష్ఠ సెల్ వోల్టేజ్‌లు కనిపిస్తాయి. తేడా 20, 30 మిల్లీవోల్టుల్లో ఉంటే బాగున్నట్టు. 100 దాటి, బ్యాలెన్స్ చేసినా తగ్గకుండా, ప్రతిసారీ అదే నంబరు సెల్ వెనకబడుతుంటే ఆ సెల్ పోతున్నట్టు. ఎల్‌ఎఫ్‌పీలో ఈ కొలత 95 శాతం పైనో 15 కిందో తీయాలి. 50 దగ్గర తీస్తే చచ్చిపోతున్న సెల్ కూడా మిగతావాటితో సమానంగానే కనిపిస్తుంది.

కెపాసిటీ తెలియాలంటే డీసీ ఛార్జర్ బిల్లు వాడుకోండి. 30.2 యూనిట్ల ప్యాక్‌లో 20 శాతం నుంచి 100 దాకా నింపడానికి 24 యూనిట్ల పైచిలుకు పట్టాలి. 20 యూనిట్ల దగ్గరే నిండిపోతే ఆరో వంతు పోయిందని స్థూలంగా అనుకోవచ్చు. ఇంటి మీటరుతో ఈ లెక్క వేయకండి, ఛార్జర్‌లో పోయే 10, 15 శాతం కూడా అందులో కలిసిపోతుంది.

వారంటీ దాటాక ఒక్క సెల్ పోతే ఆ ఒక్కటే మార్చొచ్చా? సాంకేతికంగా ఆ సెల్ ఉన్న గుంపును, అంటే మాడ్యూల్‌ను మార్చొచ్చు. చాలాసార్లు కంపెనీ విధానం ప్యాక్ మొత్తానికే అంచనా ఇస్తుంది. బయట బ్యాటరీ విప్పే షాపులు నగరాల్లో వచ్చాయి. వాళ్లలో మంచివాణ్ని పోల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. పాత సెల్స్ కెపాసిటీకీ అంతర్గత నిరోధానికీ సరిపోయే సెల్ వేస్తారా, కొత్తదే వేసేస్తారా? ప్యాక్ మూసాక గాలి ఒత్తిడితో లీక్ టెస్ట్ చేసే సాధనం ఉందా? పని మొదలుపెట్టే ముందు 12 వోల్టులు తీసి, హైవోల్టేజ్‌ను విడగొట్టే సర్వీస్ డిస్‌కనెక్ట్ ప్లగ్గు లాగి, అయిదు పది నిమిషాలు ఆగి, 60 వోల్టుల లోపుకు దిగిందని వెయ్యి వోల్టుల మీటరుతో చూస్తారా? రెండోదానికి నీళ్లు నమిలితే ప్యాక్ ఇవ్వకండి. సీల్ సరిగా పడని ప్యాక్‌కు మొదటి వానాకాలమే చాలు.

బ్రేకులు, టైర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బండిని ఆపే రీజెన్ వల్ల ప్యాడ్లు పెద్దగా అరగవు, కానీ బ్రేకుల వాడకం తగ్గి, విశాఖ, కాకినాడ ఉప్పు గాలికి డిస్కులు తుప్పుపట్టి కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. వారానికోసారి రీజెన్ తగ్గించి గట్టిగా నాలుగు బ్రేకులు కొట్టండి, ఏడాదికోసారి పిన్నులకు గ్రీజు, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్. బరువూ టార్కూ ఎక్కువ కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి.

కాగితాలు

సర్వీస్ సెంటర్‌లో జాబ్‌కార్డు మీద ‘చెక్ అప్’ అని రాస్తే ఒప్పుకోకండి. ఏ పరిస్థితిలో, ఎంత ఛార్జ్ దగ్గర, ఏ హెచ్చరిక వచ్చిందో రాయించండి. తీసిన ఫాల్ట్ కోడ్‌ల ప్రింటు అడగండి, కోడ్‌లు చెరిపేయకముందే. పార్టు రావాలంటే ఆర్డర్ పెట్టిన తేదీ ఈమెయిల్‌లో తెప్పించుకోండి. సాగదీస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. కారుకు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహనాలూ ఉన్నాయి గానీ, హైవోల్టేజ్ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ బయటి మెకానిక్‌కు దొరికేంత మార్పు దానివల్ల రాలేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు వారంటీ కాగితాన్ని అక్షరం అక్షరం చదవాలి. 2024లో వచ్చిన ఎంజీ విండ్సర్ లాంటి వాటికి ఇచ్చిన ‘లైఫ్‌టైమ్’ బ్యాటరీ వారంటీ మొదటి ఓనర్‌కే, పేరు మారగానే షరతులు మారతాయి. ఆ తర్వాత పోర్టు మూత తెరిచి టార్చి వేయండి, రెడీలో 12 వోల్టులు కొలవండి, ఏసీ వేసి పావుగంట ఉంచి హెచ్చరిక రాలేదని చూడండి, దగ్గర్లోని డీసీ ఛార్జర్‌కు తీసుకెళ్లి పది శాతం ఎక్కించండి. అమ్మేవాడు ఈ ఆఖరిదానికి ‘టైమ్ లేదు’ అంటే ఆ కారు వదిలేయండి.